మండలం వారీ రోజువారీ వాన లెక్కలు ఫైల్‌గా ఎక్కడ దొరుకుతాయి?

నల్లరేగడి (నాగర్‌కర్నూల్)

అందరికీ నమస్తే. మా ఊళ్లో రైతు ఉత్పత్తిదారుల సంఘం లెక్కలు నేనే చూస్తాను. ఈసారి ఒక పని పెట్టుకున్నాం. మా మండలంలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఏ రోజు ఎంత వాన పడిందో, దొరికినన్ని ఏళ్లవి ఒకచోట పెట్టాలి. 60–75 మి.మీ. వాన పడి నేల బాగా తడిస్తేనే పత్తి గింజ పెట్టమని శాస్త్రవేత్తలు ఏటా చెప్తూనే ఉంటారు. మా వాళ్లేమో తొలి చినుకుకే ఆగలేరు. తర్వాత రెండు వారాలు వాన మొహం చాటేస్తే మళ్లీ గింజల ప్యాకెట్లు కొనాలి. మా మండలంలో ఆ 60 మి.మీ. ఏ ఏడాది ఏ తేదీకి పూర్తయింది, ఆ తర్వాత పద్నాలుగు రోజుల్లో ఏమైంది అన్నది లెక్క తీసి సంఘం మీటింగ్‌లో చూపిద్దామని ఆలోచన.

ఒక శాఖ సైట్‌లో రంగుల మ్యాప్ ఉంది. మండలం మీద నొక్కితే ఆ రోజు అంకె వస్తుంది. నిన్నటిది కావాలంటే తేదీ మార్చి మళ్లీ నొక్కాలి. ఈ లెక్కన ఒక్క సీజన్ తీయడానికే నా వేళ్లు అరిగిపోతాయి. ఆఫీసుకి వెళ్లి అడిగితే "అంతా సైట్‌లోనే పెట్టాం కదా బాబూ" అన్నారు. ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి.

కోడ్‌కూలీ (హైదరాబాద్)

అన్నా, ఆ మ్యాప్ వదిలేయ్. తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో వెతుకు. 2016లో రాష్ట్రం ఓపెన్ డేటా పాలసీ తెచ్చింది, ఆ పోర్టల్ దాని కింద నడుస్తోంది. వాతావరణం విభాగంలో నెలకో సీఎస్‌వీ ఫైల్, అంటే పట్టికని మామూలు అక్షరాల్లో దాచిన ఫైల్, ఉంటుంది. జిల్లా, మండలం, తేదీ, వాన, కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రతలు, తేమ, గాలి వేగం అన్నీ వరుసలుగా ఉంటాయి. ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీకి వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, ఆ అంకెలే ఇవి.

పాత ఏళ్లవి కావాలంటే భారత వాతావరణ శాఖ గ్రిడ్ డేటా ఉంది. 1901 నుంచి రోజువారీ, ఉచితం. కానీ పావు డిగ్రీ గళ్లు. అంటే ఒక్కో గడి సుమారు 27 కిలోమీటర్లు, ఒకే గడిలో రెండు మూడు మండలాలు పడతాయి. మీ ఊరి చెరువు నిండిందా లేదా అన్నది అందులో తెలీదు. నాలుగైదు దశాబ్దాల ధోరణి చూడటానికి మాత్రం పనికొస్తుంది.

పాత_తహశీల్దార్

తమ్ముడూ, ఒక్క జాగ్రత్త. వాన లెక్కలో "రోజు" అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి కాదు. ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు. సాధారణంగా రెండో రోజు తేదీ కింద రాస్తారు. సోమవారం సాయంత్రం దంచి కొట్టిన వాన మంగళవారం అంకెగా కనిపిస్తుంది. ఇది తెలియక "మా ఊళ్లో ఆ రోజు వానే లేదు, ప్రభుత్వం లెక్క తప్పు" అని పోట్లాడిన వాళ్లను చాలామందిని చూశాను.

మా రోజుల్లో ఆఫీసు ఆవరణలో రెయిన్‌గేజ్ ఉండేది. ఎనిమిదిన్నరకి అటెండర్ కొలజాడీలో పోసి చూసేవాడు, రిజిస్టర్‌లో ఎక్కించి జిల్లాకి ఫోన్లో చెప్పేవాళ్లం. 2.5 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ పడితేనే "వాన రోజు". అంతకన్నా తక్కువ పడితే చినుకులు పడ్డట్టే కానీ లెక్కలో వాన రోజు కాదు.

మిర్చియార్డ్ (గుంటూరు)

నాకొక డౌట్. ఫైల్ దొరికిందనుకోండి, రైతుకి ఏం ఒరుగుతుంది? నేను యార్డ్‌లో గుమాస్తాగా ఉన్నాను కాబట్టి అడుగుతున్నాను. ధరలు రోజూ అగ్‌మార్క్‌నెట్‌లో, అంటే కేంద్రం నడిపే మార్కెట్ ధరల సైట్‌లో, ఎక్కుతూనే ఉన్నాయి, కేంద్రం ఓపెన్ డేటా పోర్టల్‌లో ఏపీఐ (ప్రోగ్రామ్‌లు నేరుగా డేటా తీసుకునే దారి) కూడా ఉందంటారు. దాన్ని పీల్చుకునేది ఎవరు? యాప్‌లు పెట్టే కంపెనీలు, పెద్ద వ్యాపారులు. మిర్చి బస్తాలేసుకుని రాత్రంతా లారీలో వచ్చిన రైతుకి తెల్లారి కమీషన్ వ్యాపారి చెప్పిందే ధర. ఓపెన్ డేటా అంటే ఉన్నోడికి ఇంకో ఆయుధం ఇవ్వడమేమో అనిపిస్తుంది నాకు.

కోడ్‌కూలీ

అంత నిరాశ ఎందుకు బ్రో. డేటా మూసి పెడితే కంపెనీలకి దొరకదా? వాళ్లు డబ్బులిచ్చి కొనుక్కుంటారు, లేదా ముగ్గుర్ని కూర్చోబెట్టి ఎక్కించుకుంటారు. మూసి పెడితే దూరమయ్యేది మనలాంటోళ్లకే.

మిర్చియార్డ్

సరే, ఇంకోటి చెప్తా వినండి. ఆ ధరల పట్టికలో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు గళ్లు ఉంటాయి. మోడల్ అంటే ఎక్కువ సరుకు ఏ ధరకి పోయిందో అది. పేపర్లో, వాట్సాప్‌లో తిరిగేది మాత్రం గరిష్ఠ ధర. తేజ రకం గరిష్ఠం చూసుకుని రైతు ఆశపడి వస్తాడు, తీరా తేమ ఎక్కువుందనో తాలు కలిసిందనో సగానికి పోతుంది. డేటా ఉంది, చదవడం నేర్పినోడు లేడు. నా గొడవ అదీ.

పాలకొండ_పిల్ల

మిర్చియార్డ్ గారూ, మీ చివరి మాట నిజం. దానికి మందు మన దగ్గరే ఒకసారి దొరికింది కూడా.

నేను కొన్నాళ్లు ఉపాధి హామీ సామాజిక తనిఖీలో పనిచేశాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ప్రయోగంగా మొదలైంది, 2009లో దానికోసం విడిగా సొసైటీయే పెట్టారు. మస్టర్ రోల్స్, అంటే కూలీల హాజరు పట్టీలు, కంప్యూటర్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. ఎవరైనా చూడొచ్చు. చూసేదెవరు? కూలికెళ్లే మనిషి వెబ్‌సైట్ తెరుస్తుందా? అందుకే ప్రింట్ తీసుకుని ఊళ్లోకి వెళ్లేవాళ్లం. పక్క ఊళ్ల నుంచి చదువుకున్న పిల్లల్ని ఎంచుకుని, వాళ్లతోనే ఇంటింటికీ తిరిగి "అమ్మా, ఫలానా వారంలో నువ్వు ఆరు రోజులు పనిచేసినట్టుంది, డబ్బులు ముట్టాయా?" అని అడిగించేవాళ్లం. "నేనా? ఆ వారం నేను మా అమ్మగారింట్లో ఉన్నాను కదా" అనేది. చనిపోయినవాళ్ల పేర్లు, పట్నం వలసపోయినవాళ్ల పేర్లు అలాగే బయటపడేవి. తర్వాత గ్రామసభలో పైకి చదవడం, ఆపైన మండలంలో బహిరంగ విచారణ.

ఫైల్ బయట లేకపోతే ఆ ప్రింట్ మా చేతికి వచ్చేదే కాదు. ఊళ్లో చదివేవాళ్లు లేకపోతే ఫైల్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. రెండూ కావాలి.

డెస్క్_నైట్‌షిఫ్ట్

జర్నలిస్టుగా నా ఏడుపు కూడా వినండి. "సైట్‌లో పెట్టాం" అన్నవాటిలో సగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. వంకరగా పెట్టి స్కాన్ చేసిన పేజీలు, మధ్యలో రబ్బరు స్టాంపు. ఇంకొన్ని తెలుగు పీడీఎఫ్‌లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కాపీ చేసి అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అవి అను ఫాంట్లలో టైప్ చేసినవి, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు. వెతికితే దొరకవు, గూగుల్‌కి కనపడవు, చూపులేని వాళ్లు స్క్రీన్ రీడర్‌తో చదువుకోలేరు. ఇంగ్లిష్ పీడీఎఫ్‌కి లేని అదనపు తాళం ఇది, తెలుగు డాక్యుమెంట్‌కే పడింది.

రంగుల డ్యాష్‌బోర్డులు ఇంకో రకం. మిఠాయి కొట్టు అద్దాల బీరువా లాంటివి. చూడొచ్చు, తినలేం. మంత్రిగారి ప్రెజెంటేషన్‌కి బాగుంటాయి. గత ఏడాదితో పోల్చాలంటే మాత్రం కుదరదు, ఎందుకంటే గత ఏడాది అంకె దాంట్లో ఉండదు.

నల్లరేగడి

కోడ్‌కూలీ అన్నా, థాంక్స్. ఫైళ్లు దొరికాయి. దించుకున్నాను. ఇప్పుడు కొత్త తలనొప్పి. పాత లిస్టులో మా పక్క మండలం లేదు. కొన్నిచోట్ల పేర్లు ఒక్కో ఫైల్లో ఒక్కో రకంగా ఉన్నాయి. జడ్చర్ల అని ఒకచోట, జడ్చెర్ల అని ఇంకోచోట. ఎక్సెల్ వాటిని రెండు వేరే ఊళ్లుగా చూస్తోంది.

పాత_తహశీల్దార్

అది నువ్వు తప్పించుకోలేని పని. 2016 అక్టోబర్ 11న జిల్లాలు 10 నుంచి 31 అయినప్పుడు మండలాలు కూడా 459 నుంచి 584కి పెరిగాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి జిల్లాలు 33 అయ్యాయి. మీ నాగర్‌కర్నూల్ 2016 ముందు మహబూబ్‌నగర్‌లో ముక్క. పాత మండలాన్ని కోసి రెండు చేస్తే, పాత రెయిన్‌గేజ్ ఏ ముక్కలోకి పోయిందో చూసుకోవాలి. ఆ అంకెని రెండు ముక్కలకీ వాడేస్తే లెక్క పాడవుతుంది.

పాలకొండ_పిల్ల

మా దగ్గరా ఇదే. 2022 ఏప్రిల్ 4 నుంచి ఏపీలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాలకొండ శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పిల్లల పోషకాహారం మీద పాత సర్వే నివేదికలు తీస్తే శ్రీకాకుళం అని ఉంటుంది, కొత్తవి తీస్తే మన్యం జిల్లా. పరిస్థితి బాగుపడిందా దిగజారిందా అని అడిగితే, పోల్చడానికి అసలు అదే ప్రాంతం కాదు.

కోడ్‌కూలీ

దీనికి మందు కోడ్ నంబర్. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ నడుపుతోంది, ఎల్‌జీడీ అంటాం. ప్రతి జిల్లాకి, మండలానికి, పంచాయతీకి ఒక నంబర్. పేరు ఎలా రాసినా నంబర్ మారదు. నర్సాపూర్ మెదక్‌లో ఒకటుంది, నిర్మల్‌లో ఒకటుంది. పేరుతో కలిపితే మెదక్ వాన నిర్మల్‌లో కురుస్తుంది.

నేను చేసే పద్ధతి ఇది: ముందు రెండు నిలువు వరుసల చిన్న పట్టిక ఒకటి తయారు చేసుకో. ఎడమ వైపు ఫైళ్లలో కనిపించిన ప్రతి స్పెల్లింగ్, కుడి వైపు ఎల్‌జీడీ నంబర్. ఆ తర్వాత ఏ ఫైల్ వచ్చినా ఈ పట్టికతో కలుపు. ఒక్కసారి కష్టం. శాఖలే ఆ నంబర్ వరుస ఫైల్లో పెట్టి ఇస్తే మనకీ కష్టం ఉండదు, వాళ్లలో వాళ్లకీ ఉండదు. వ్యవసాయ శాఖ సాగు లెక్క, భూగర్భ జల శాఖ నీటిమట్టం, డిస్కం (కరెంట్ పంపిణీ సంస్థ) వ్యవసాయ కరెంట్ వాడకం, ఈ మూడూ మండలం నంబర్ మీద కలిస్తే బోర్లు ఎక్కడ ఎండబోతున్నాయో ముందే పసిగట్టొచ్చు. ఇప్పుడు మూడూ మూడు భాషలు మాట్లాడుతున్నాయి.

పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు జిల్లా స్థాయి వ్యవసాయ డేటాని 1966 నాటి జిల్లాల హద్దులకి సర్ది ఉంచారు. దేశంలో చాలా రాష్ట్రాలకి ఉంది. వీలైతే చూడు. సరిహద్దులు మారినా ఎలా పోల్చాలో తెలుస్తుంది.

డల్లాస్_బాబాయ్

ఇక్కడ అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం తయారు చేసిన డేటాకి కాపీరైటే ఉండదు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన బొమ్మలు 2008లో ఉచితం చేశారు, అంతకుముందు ఒక్కో బొమ్మకి డబ్బు కట్టాల్సి వచ్చేది. మన దగ్గర "సర్వహక్కులు ప్రభుత్వానివి" అన్న లైను చూస్తే నాకు భయం. ఈ వాన లెక్కలు నల్లరేగడి తన సంఘం కరపత్రంలో వేసుకోవచ్చా? రేపు ఎవరైనా కేసు పెడితే?

కోడ్‌కూలీ

వేసుకోవచ్చు బాబాయ్. డేటా పంచుకోవాలన్న జాతీయ విధానం 2012లో వచ్చింది. 2017లో గవర్నమెంట్ ఓపెన్ డేటా లైసెన్స్ అని గెజిట్‌లో ఇచ్చారు. ఆ లైసెన్స్ కింద ఉన్న డేటాని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికి కూడా. ఎక్కడినుంచి తీసుకున్నామో చెప్పాలి, అంతే. ఏ ఫైల్ కింద ఏ లైసెన్స్ రాసుందో మాత్రం చూసుకోవాలి, అన్నిటికీ ఒకటే కాదు. అసలేమీ రాయకుండా పెట్టేవే ఎక్కువ తికమక పెడతాయి.

డెస్క్_నైట్‌షిఫ్ట్

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. అన్నీ బయట పెట్టేయాలన్న ఉత్సాహంలో మనుషుల వివరాలు కూడా పెట్టేస్తారు. 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో జనం ఆధార్ వివరాలు, బ్యాంకు వివరాలు బయటికి కనిపిస్తున్నాయని. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. పారదర్శకత పేరుతో జరిగిందే అది కూడా.

పాలకొండ_పిల్ల

ఆ గీత ఎక్కడ గీయాలన్నదే అసలు కష్టం. మస్టర్ రోల్‌లో పేరు తీసేస్తే తనిఖీ చచ్చిపోతుంది. "47వ కూలీ ఆరు రోజులు పనిచేశారు" అని చదివితే ఎవరు లేచి కాదంటారు? పేరు ఉండాలి, ఎన్ని రోజులు, ఎంత కూలి ఉండాలి. ఆధార్ నంబర్, ఖాతా నంబర్, ఫోన్ అక్కర్లేదు. ఇప్పుడు చూస్తే ప్రైవసీ అన్న మాటని అడ్డం పెట్టుకుని పేర్లు కూడా "ఇవ్వం" అంటారేమో అని భయంగా ఉంది. 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో 8(1)(జె)ని మార్చేసింది కదా. ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వొచ్చన్న మాట ఆ క్లాజులో ఉండేది, దాన్ని తీసేశారు.

పాత_తహశీల్దార్

8(2) ఇంకా ఉందమ్మా. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చని అది చెప్తుంది. కాకపోతే కింది స్థాయి అధికారి అంత దూరం ఆలోచించి సంతకం పెట్టడు. "వ్యక్తిగతం" అని ఒక ముక్క రాసి పంపేస్తాడు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్నే, ఆ టెన్షన్ నాకు తెలుసు. ఇస్తే ఆడిట్ అడుగుతుంది, ఇవ్వకపోతే ఎవరూ అడగరు.

వాన లెక్కల్లో ఈ గొడవేమీ లేదు. వానకి ప్రైవసీ లేదు. అందుకే అందరూ ముందు ఇలాంటివే అడగాలంటాను: వర్షం, నీటిమట్టం, గాలి నాణ్యత, బడ్జెట్ ఖర్చు.

మిర్చియార్డ్

బడ్జెట్ ఖర్చు అడిగితే తెలుస్తుంది ప్రైవసీ ఎవరికి ఎక్కువో 😀

డల్లాస్_బాబాయ్

గాలి నాణ్యత అన్నారు కాబట్టి. హైదరాబాద్‌లో మా అన్నయ్య ఇల్లు సనత్‌నగర్ వైపు. అక్కడ మీటర్ ఉందని విన్నాను. ఆ అంకెలు దొరుకుతాయా?

కోడ్‌కూలీ

దొరుకుతాయి. సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు ఇక్రిశాట్, సెంట్రల్ యూనివర్సిటీ, ఇలా కొన్నిచోట్ల నిరంతరం కొలిచే కేంద్రాలున్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైట్‌లో గంట గంటకీ దించుకోవచ్చు. వాన కంటే ఇదే నయం ఒక రకంగా.

డెస్క్_నైట్‌షిఫ్ట్

సుస్థిర అభివృద్ధి లక్ష్యాలంటూ 2015లో ఐక్యరాజ్యసమితిలో 17 ఒప్పుకున్నాం, 2030 గడువు. నీతి ఆయోగ్ 2018 నుంచి రాష్ట్రాలకి స్కోర్లు ఇస్తోంది. స్కోరు వచ్చిన రోజు మా పేపర్లో మొదటి పేజీ. కానీ తలసరి ఏదైనా లెక్క తీయాలంటే అడుగున ఉండేది 2011 జనాభా లెక్కలే, దాని మీద అంచనాలు. తెలంగాణ రాష్ట్రం పుట్టకముందు లెక్క అది! మండలం స్థాయిలో అంచనాలు కూడా సరిగా ఉండవు. కింద పునాది పాతది, పైన అంతస్తులు మాత్రం దశాంశ స్థానాలతో కడుతున్నాం.

నల్లరేగడి

నా పనికి వస్తాను, లేకపోతే థ్రెడ్ ఢిల్లీ పోయేలా ఉంది 😀 రెండు ప్రశ్నలు.

ఒకటి, పోర్టల్‌లో మధ్యలో కొన్ని నెలలు నాకు దొరకలేదు. వాటికి దరఖాస్తు పెట్టాలా? రెండు, కొన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయి. వాన లేదనా, మిషన్ చెడిపోయిందనా?

పాత_తహశీల్దార్

దరఖాస్తు సంగతి నేను చెప్తాను. ముందు సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 గుర్తు పెట్టుకో. ఎవరూ అడగకుండానే బయటపెట్టాల్సినవి అందులో ఉన్నాయి. అయినా ఇవ్వకపోతే సెక్షన్ 6 కింద దరఖాస్తు. మన దగ్గర గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్ల కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

దరఖాస్తులో అందరూ తప్పే చోటు ఒకటుంది. "వర్షపాతం వివరాలు ఇవ్వగలరు" అని రాస్తారు. వాళ్లు వంద పేజీలు జిరాక్స్ తీసి పేజీకి 2 రూపాయలు కట్టమంటారు. నువ్వు ఇలా రాయి:

"ఫలానా మండలాలకు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, రోజువారీ వర్షపాతం మి.మీ.లలో, కంప్యూటర్‌లో ఏ రూపంలో ఉందో అదే రూపంలో, అంటే ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైల్‌గా, ఇవ్వగలరు. సెక్షన్ 2(జె)(iv), సెక్షన్ 7(9) ప్రకారం కోరుతున్నాను."

2(జె)(iv) ఎలక్ట్రానిక్ రూపంలో తీసుకునే హక్కు. 7(9) అడిగిన రూపంలోనే ఇవ్వాలని చెప్తుంది, ఆఫీసు వనరులు మరీ అతిగా ఖర్చయితే తప్ప. ఉన్న ఫైల్‌ని మెయిల్ చేయడానికి ఏ వనరులూ ఖర్చు కావు. "విశ్లేషణ చేసి ఇవ్వండి", "సగటు తీసి ఇవ్వండి" అని మాత్రం రాయకు. లేని సమాచారం తయారు చేసి ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లకి లేదు, అక్కడే కొట్టేస్తారు.

కోడ్‌కూలీ

ఖాళీ గడి సంగతి: సున్నా అని ఎప్పుడూ నింపకు. చుట్టూ మండలాలన్నిట్లో ఆ రోజు వాన ఉండి ఇక్కడ ఖాళీ ఉంటే మిషన్ ఆగినట్టే. అదే వరుసలో ఉష్ణోగ్రత, తేమ కూడా ఖాళీగా ఉన్నాయా చూడు. ఉంటే కేంద్రమే పనిచేయలేదు. మిగతావన్నీ ఉండి వాన ఒక్కటే ఖాళీ అయితే మాత్రం శాఖనే అడగాలి. నీ దరఖాస్తులో ఆ ప్రశ్న కూడా కలిపేయ్: "ఖాళీ గడులకు అర్థం తెలిపే నోట్ ఏదైనా రికార్డులో ఉంటే దాని నకలు."

పాత_తహశీల్దార్

దీని విలువ మీకు ఇంకోచోట తెలుస్తుంది. 2016 కరువు మాన్యువల్ ప్రకారం రుతుపవనాలు రావాల్సిన తేదీ దాటాక వరసగా మూడు నాలుగు వారాలు, ప్రతి వారం సాధారణంలో సగం కంటే తక్కువ పడితే అది డ్రై స్పెల్. తేలిక నేలలకి మూడు వారాలు, మిగతావాటికి నాలుగు. నెల మొత్తం చూస్తే 19 శాతం తగ్గినా "సాధారణం" కిందే లెక్క. జులైలో పడాల్సింది 180 మి.మీ. అనుకో. 160 ఒక్క రాత్రిలో కురిసి మిగతా నెలంతా ఎండితే కాగితం మీద సాధారణం, చేలో పత్తి చచ్చిపోయింది. రోజువారీ ఫైల్ చేతిలో ఉంటేనే "వారం వారం చూడండి సార్" అని అడగగలవు. నెల మొత్తం అంకె ఒక్కటే ఇస్తే నోరు మూసుకుని రావాల్సిందే.

మిర్చియార్డ్

ఈ ఒక్క ముక్క మొదటే చెప్పుంటే నేను అంత వాదించేవాణ్ని కాదు సార్. నల్లరేగడీ, మీ సంఘం మీటింగ్‌లో నెల అంకె పక్కన వారం అంకెలు కూడా గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. ఎక్సెల్ ఎవడూ చూడడు.

నల్లరేగడి

రాయిస్తాం. పంచాయతీ ఆఫీసు గోడ అడిగాను, సర్పంచ్ సరేనన్నాడు, సున్నం ఖర్చు సంఘానిదే. దరఖాస్తు సోమవారం వేస్తున్నా. స్పెల్లింగుల పట్టిక సగం అయింది, నాగర్‌కర్నూల్, వనపర్తి మండలాలు పూర్తి. మహబూబ్‌నగర్ వైపు ఎవరైనా పంచుకుంటారా?

పాలకొండ_పిల్ల

మాది వేరే రాష్ట్రం అయినా పంపండి, ఎల్‌జీడీ నంబర్లు నేను ఎక్కిస్తాను. ఆ పట్టిక అయ్యాక ఎక్కడైనా బయట పెట్టండి, ఇంకొకళ్లు మళ్లీ మొదటినుంచి చేయక్కర్లేదు.

కోడ్‌కూలీ

షీట్ నేను తెరుస్తున్నా, ఇద్దరికీ మెసేజ్‌లో లింక్ పంపాను. ప్రతి వరుస పక్కన ఆ స్పెల్లింగ్ ఏ ఫైల్లో, ఏ నెలలో కనిపించిందో రాయండి. మహబూబ్‌నగర్ నేను తీసుకుంటా, నారాయణపేట ఎవరైనా చూడండి.